గిన్నె కింద రాత్రి

పోయిన ఆషాఢంలో
యలహంక ఆసుపత్రికి నలుగురొచ్చారు, ఒకే ఆటోలో.
లేఔట్‌లో హద్దురాళ్లు పాతే పని వాళ్లది.
తెల్లవారేదాకా బకెట్లు మార్చాను, సెలైన్లు మార్చాను.
ఏం తిన్నారంటే
ఆదోని వైపు పిల్లవాడు ఈరన్న
దొంగతనం ఒప్పుకున్నట్టు గోడకేసి చెప్పాడు:
"మా ఊర్లో తినేవే అక్కా. అచ్చం అవే."

బతికారు. నాలుగోరోజు నడిచి వెళ్లారు.
ఆ "అచ్చం" మాత్రం
నా వార్డులోనే మంచం పట్టింది.

అందుకే ఈ ఆదివారం
హెసరఘట్ట గడ్డి బయలులో మోకాళ్ల మీద ఉన్నాను.
రాత్రి వాన. గడ్డి మొదళ్లలో ఇంకా నీళ్లు.
ఆవులు మేసే చోట వలయంగా
బంతిలో బోర్లించిన పళ్లేల్లా
పదిహేడు తెల్ల గొడుగులు.
నోరూరలేదంటే అబద్ధం.

పిళ్ళమ్మ నవ్వింది.
ఆరు ఆవులామెవి, ఒక పొట్టి కర్ర.
తాతల నాటి నుంచి ఇక్కడే; మాట తెలుగే,
నడుమ నడుమ కన్నడం, ఉప్పురాయి తగిలినట్టు.
"అణబె కనిపిస్తే పెరికేయొద్దమ్మా.
మొదలంటా పోయి చూడు."

వెండి ఉంగరం వేస్తే నల్లబడుతుందని,
పసుపు రంగు మారుతుందని,
గొడ్డు ముట్టింది మనిషీ తినొచ్చని
నేను విన్నవన్నీ చెప్పాను.
"ఉంగరానికేం తెలుసు," అంది,
"అది ఎప్పుడన్నా తిందా?"

వేళ్లతోనే తవ్వింది.
ఆమె చూపుడువేలి గోరు సగమే ఉంది.
కాడకి వదులైన వడ్డాణం, పైకీ కిందికీ జారుతోంది.
రెండంగుళాల్లో ఉల్లిగడ్డలా ఉబ్బి ఆగిపోయింది.
"దీనికి ఇల్లు లేదు."

కంచె పక్కన నేల కొంచెం పొంగింది, అంతే,
పుట్ట అని చెబితే తప్ప తెలీదు.
అక్కడ బూడిదరంగు టోపీ, నడినెత్తిన మొన.
తవ్వితే వేరు. ఇంకా తవ్వితే ఇంకా వేరు.
మోచేతి లోతున
చెదలు చీకట్లో సేద్యం చేసుకునే గదిలోకి.
పుట్టలోంచి వస్తేనే పుట్టగొడుగని
నలభయ్యో ఏట నాకు తెలిసింది.

రోడ్డవతల అపార్ట్‌మెంట్లు
పుట్టగొడుగుల్లా లేచాయంటారు.
ఏ పుట్టగొడుగు? ఎవరూ తవ్వరు.

రెండు రకాలూ ఒక్కోటి ఇంటికి తెచ్చాను.
కోసేటప్పుడు గొడుగు కింది మడతలు
రెండింటివీ తెల్లనే.
సగం నల్ల కాగితం, సగం తెల్ల కాగితం,
మీద టోపీలు, వాటి మీద స్టీలు గిన్నెలు.
మా ఆయన తలుపు దగ్గర నిలబడి,
"వంటా, పరీక్షా?"
"నువ్వు పడుకో."

రెండింటికి లేచాను. గిన్నె ఎత్తలేదు.
ఊపిరి తగిలినా చెదిరిపోతుందట.
మా వీధి చివర కుక్క మొరిగి ఊరుకుంది.
ఫ్రిజ్ ఆగింది, మళ్లీ మొదలైంది.
ఆ నిశ్శబ్దంలో రెండూ
ఎవరి సంతకం వాళ్లు చేస్తున్నాయి.

పొద్దున్నే
ఒక గిన్నె కింద లేత గులాబీ,
బియ్యం కడుగులో చిటికెడు కుంకుమ పడ్డట్టు.
రెండో గిన్నె కింద
ఏళ్లుగా చింతపండు తగలని రాగిచెంబు.
చిలుము.
బండిచక్రం ఆకుల్లా గీత పక్కన గీత,
అంత సన్నగా, అంత పచ్చగా
విషం ఏ మాత్రం దాచుకోలేదు.
అడగడమే మాకు చేతకాలేదు.

గులాబీదాన్ని వండావా అని
పిళ్ళమ్మ తప్పకుండా అడుగుతుంది.
వండలేదు. ఒకటి కాదని తెలిసినంత మాత్రాన
రెండోది అవునని కాదు కదా.

పచ్చ కాగితం మడవకుండా
పాత ఎక్స్‌రే కవరులో పెట్టి డ్యూటీకి తీసుకెళ్లాను.
ఈరన్నకి చూపిద్దామని కేసు షీటు వెతికాను.
ఫోను నంబరు లేదు.
ఊరు అని ఉన్నచోట
ఆ రాత్రి తొందర్లో, నా చేతిరాతే,
బెంగళూరు.